కిన్నెర మెట్ల మీద ఏడు సెకన్లు

మీరు ఏ పని మీద తార్నాకలో దిగినా సరే, స్వరూపను కలవకుండా మాత్రం వెళ్లిపోకండి. ఆమెను గుర్తుపట్టడం చాలా తేలిక. నీలం రంగు స్కూటీ, దాని ముందు అడ్డంగా పెట్టిన ట్రైపాడ్, భుజానికి బరువైన నల్ల సంచి, మెడలో హెడ్‌ఫోన్స్. మెట్రో స్టేషన్ కింద ఆటోల వాళ్లను అడిగితే "కెమెరా మేడమా?" అని వాళ్లే దారి చెప్తారు. స్ట్రీట్ నంబర్ నాలుగులో ఒక పాత మూడంతస్తుల ఇల్లు. డాబా మీద ఉన్న రెండు గదులు ఆమెవి. ఒకటి ఇల్లు, ఇంకొకటి ఎడిటింగ్ రూము. ఏ గది ఏదో మొదటిసారి వెళ్లినవాళ్లకు తేలడం కష్టం, ఎందుకంటే కుక్కర్ పక్కన హార్డ్ డిస్కులు ఉంటాయి, మానిటర్ మీద టవల్ ఆరేసి ఉంటుంది.

వయసు నలభై మూడు. ఇరవై ఏళ్లలో పంతొమ్మిది డాక్యుమెంటరీలు తీసింది. వాటిలో సగం చెరువులు, గుట్టలు, పక్షుల గురించి. మిగతా సగం ఒగ్గు కథ చెప్పేవాళ్లు, చిందు భాగోతం ఆడేవాళ్లు, డోలు కొట్టేవాళ్ల గురించి. "అమ్మా, ఇంతకీ మీది ఏ లైను?" అని ఎవరైనా అడిగితే నవ్వేస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ఆమె బతుకంతా చెప్పాలి. సరే, చెప్పేస్తాను.

వాళ్ల నాన్న రాజలింగు జనగామ వైపు నుంచి వచ్చిన రైతు. వరసగా మూడేళ్లు వానలు పడకపోతే భార్య ప్రమీలమ్మతో, ఒక్క కూతురితో నగరానికి వచ్చి, యూనివర్సిటీ క్యాంపస్‌లో తోటమాలిగా చేరాడు. కాపురం అడిక్‌మెట్‌లో, ఒకే గదిలో. బడి లేని రోజు స్వరూప నాన్నకు సద్ది తీసుకుని క్యాంపస్‌కు వెళ్లేది. రాజలింగు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏదైనా పిట్ట కనిపిస్తే చెయ్యి చూపించేవాడు కూడా కాదు, ఉన్నచోట ఆగిపోయేవాడు, అంతే. నాన్న ఆగితే కూతురూ ఆగాలి. అట్లా కదలకుండా నిలబడటం ఆ పిల్లకు ఆరేడేళ్లకే వచ్చేసింది. ఇప్పటికీ నలభై నిమిషాలు కెమెరా వెనక కన్ను తీయకుండా నిలబడుతుంది. దోమ కుట్టినా సరే.

కెమెరా పట్టడం నేర్చుకున్నది మాత్రం అడవిలో కాదు, పెళ్లిళ్లలో. డిగ్రీ చదివేటప్పుడు నల్లకుంటలో దివాకర్ అనే ఆయన వీడియో మిక్సింగ్ షాపులో పనికి కుదిరింది. ఆడవాళ్ల వైపు షూట్ చేయడానికి ఒక అమ్మాయి ఉంటే బాగుంటుందని ఆయన ఆలోచన. మొదటి ఆర్నెల్లు లైటు పట్టుకుని నిలబడింది. తర్వాత కెమెరా చేతికి ఇస్తూ దివాకర్ చెప్పిన పాఠం ఒక్కటే: "తాళి అందరు తీస్తరు. అప్పగింతల ఏడ్పు మిస్సయితే మాత్రం నీ వీడియో కుక్క గూడ సూడదు."

ఎమ్మే జర్నలిజంలో చేరాక, దివాకర్ దగ్గర అడుక్కుని తెచ్చిన కెమెరాతో క్యాంపస్‌లోని నెమళ్ల మీద పద్నాలుగు నిమిషాల సినిమా తీసింది. హాస్టళ్ల వెనక చెట్లను కొట్టేస్తే ఆ నెమళ్లు ఎటు పోతాయన్నదే విషయం. డిపార్ట్‌మెంట్‌లో వేస్తే ఏడుగురు వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చినవాళ్లు. ఐదుగురైనా చూశారు కదా అని ఆ రోజంతా సంబరపడింది.

తర్వాత ఎండిపోయిన ఒక ఊరి చెరువు మీద సినిమా తీయడానికి వాళ్ల నాన్న ఊరి దిక్కే వెళ్లింది. అక్కడ ఒక ఒగ్గు కథ పెద్దమనిషి చెరువు గట్టు మీద ఖాళీగా కూర్చుని కనిపించాడు. చెరువు నిండితే వడ్లు పండుతాయి, వడ్లు ఇంటికి వస్తేనే జనం కథ పెట్టించుకుంటారు, నాలుగేళ్లుగా ఎవరూ పిలవలేదు అన్నాడు. నీళ్ల గురించి తీద్దామని వెళ్లిన మనిషి డోలు చప్పుడు గురించి తీసి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ ఆమెకు ఆ రెండూ వేరుగా కనపడలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆమె పనిలో ఒక నియమం ఉంది, అది ఒక తప్పు చేసి నేర్చుకున్నది. చిందు భాగోతంలో ఆడవేషాలు కట్టే కృష్ణ అనే ఆయన మీద సినిమా తీసినప్పుడు, సగం రంగు పూసుకుని, చొక్కా లేకుండా బీడీ తాగుతున్న షాటు ఒకటి పెట్టింది. చాలా అందమైన షాటు. కానీ అది చూసి ఊళ్లో జనం ఆయన్ను ఏడిపించారు. కృష్ణ కోపంగా కూడా ఏమీ అనలేదు. "నువ్వు తీసింది అబద్ధం గాదమ్మా. గని నన్ను ఒక్క మాట అడగాలె గదా" అన్నాడు. అప్పటినుంచి సినిమాలో ఉన్నవాళ్లే మొట్టమొదటి ప్రేక్షకులు. ఎక్కడ ఉన్నా సరే పిలిపించి, తార్నాక ఇంట్లో కర్టెన్లు వేసి, చాప పరిచి చూపిస్తుంది. వాళ్లు వద్దన్నది తీసేస్తుంది. వాళ్లు చూడకముందు ఒక్క ఫ్రేము కూడా బయటికి పోదు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

అచ్చంపేట దిక్కు, నల్లమల అంచున ఒక ఊళ్లో పోచయ్య అని డెబ్బై నాలుగేళ్ల కిన్నెర కళాకారుడు ఉన్నాడు. కిన్నెర చూశారా మీరు? పొడుగాటి వెదురు బొంగు, దాని కింద మూడు ఎండిన సొరకాయ బుర్రలు, బొంగు మీద తీగలు, తీగల కింద మైనంతో అతికించిన చిన్న చిన్న మెట్లు. ఆ మెట్ల మీద వేళ్లు నొక్కుతూ వాయించాలి. పోచయ్య కిన్నెర వాళ్ల తాత చేసింది. తాత, తండ్రి, ఈయన, మూడు తరాల వేళ్లు తగిలి తగిలి నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఊరూరూ తిరిగి వీరుల కథలు పాడే పని వాళ్లది. ఇప్పుడు పిలిచేవాళ్లు తక్కువే, అయినా ఆయన దగ్గర ఉన్న వాద్యం అదొక్కటే. చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు రాత్రి పూట పక్కనే పెట్టుకుని పడుకుంటాడు.

స్వరూప రెండేళ్లపాటు ఆయనతో తిరిగింది. మొదట్లో ఆయన ఆమెను "అమ్మా" అనేవాడు, మూడోసారి వెళ్లేసరికి "బిడ్డా" అయింది. ఆమె ఆయన్ను "పెద్దయ్యా" అంటుంది. నలభై గంటల ఫుటేజీ వచ్చింది. దాన్ని యాభై రెండు నిమిషాలకు కుదించే పనిలో ఉండగా, క్యాంపస్ విద్యార్థులు మూడు రోజుల డాక్యుమెంటరీ పండుగ పెడుతున్నామని, ఆరంభం ఈ సినిమాతోనే అని వచ్చి అడిగారు. ఎక్కడ ఏడుగురు వచ్చారో అదే క్యాంపస్. స్వరూప వెంటనే ఒప్పేసుకుంది.

పండుగకు ఇరవై రోజుల ముందు, ఒక ఆదివారం పొద్దున, ఎడిటర్ పూర్ణిమ రంగులు సరిచేస్తూ కూర్చుంది. పూర్ణిమకు ఇరవై ఆరు, మాటలు తక్కువ, విసుర్లు ఎక్కువ. స్వరూపకు ప్రాణమైన షాటు ఒకటుంది ఆ సినిమాలో. పోచయ్య వేళ్లు మెట్ల మీద పాకుతుంటే చాలా దగ్గరగా తీసినది. సరిగ్గా ఏడు సెకన్లు. వేలి గోరు, మైనం మీద గీతలు, మెట్టు అంచున పడిన పొద్దుటెండ అన్నీ కనపడతాయి. పూర్ణిమ దాన్ని పెద్ద మానిటర్ నిండా పెట్టింది. అప్పుడే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కమలాదేవి ఉప్మా గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. ఆమెది భీమవరం, ఇక్కడి కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పి రిటైరైంది. అద్దెకున్నవాళ్లు వేళకు తినకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

గిన్నె బల్ల మీద పెట్టబోతూ ఆగిపోయింది.

"ఏమ్మా స్వరూపా, ఇవి అలుగు పెంకులు కదూ?"

కమలాదేవి కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వెళ్లి, ఒక్కో మెట్టు మీదా వేలు పెట్టి చూపించింది. ఆ గీతలు, ఆ అర్ధచంద్రాకారం అంచు తనకు బాగా తెలుసంది. వాళ్ల కాలేజీ మ్యూజియంలో ఎండుగడ్డి కూరి నిలబెట్టిన అలుగు ఒకటుండేదట, ముప్పై బ్యాచ్‌లకు దాన్నే చూపించి పాఠం చెప్పిందట. ఆమె పొరపడే అవకాశం లేదు.

అలుగంటే ఒంటినిండా పెంకులుండి, చీమలనూ చెదలనూ తిని బతికే జంతువు. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. ఆ పెంకుల కోసమే దాన్ని వేటాడి వేటాడి దాదాపు లేకుండా చేశారు. స్వరూప మూడు ఎండాకాలాలు నల్లమలలో చెట్లకు కెమెరాలు కట్టి ఎదురుచూసింది దాని కోసమే. మూడేళ్లకు కలిపి దొరికింది ఒక్క తోక, అది కూడా మసకగా. అలుగు మీద తీసిన ఆ సినిమాలో తన గొంతుతోనే ఒక మాట చెప్పింది కూడా: తెలిసి ఊరుకుంటే ఆ వేటలో మనమూ ఉన్నట్టే అని. ఎక్కడెక్కడో వెతికిన జంతువు రెండేళ్లుగా తన లెన్స్ ముందే, పోచయ్య వేళ్ల కిందే ఉంది. ఆమెకే తెలియలేదు.

విద్యానగర్‌లో ఉండే భానుప్రకాశ్ అని స్వరూప క్లాస్‌మేట్ ఒకడు లాయరు. ఫోన్ చేస్తే అంతా విని, అలుగు పెంకు పాతదైనా సరే, అనుమతి కాగితం లేకుండా ఇంట్లో ఉంటే చిక్కే అన్నాడు. కిన్నెరను తీసేసుకోవచ్చు, కేసు కూడా పెట్టొచ్చు. తాతల నాటిదని వాదించొచ్చు కానీ, ఏమవుతుందో తను మాట ఇవ్వలేనన్నాడు.

పూర్ణిమకు ఇందులో ఆలోచించడానికి ఏమీ కనపడలేదు. ఏడు సెకన్లు తీసేస్తే అయిపోతుంది, ఆ చోట పోచయ్య మొహం పెడదాం, ఎవరికీ తెలియదు అంది. కమలాదేవిదీ అదే మాట. "ముసలాయన్ని ఈ వయసులో ఆఫీసుల చుట్టూ తిప్పుతావా? తీసేసెయ్యమ్మా" అని ఉప్మా చల్లారిపోతున్న సంగతి కూడా మర్చిపోయి గట్టిగా చెప్పింది.

స్వరూప తీసేసింది కూడా. నిజం. ఆ మధ్యాహ్నమే తీసేసి చూసుకుంది. సినిమా బాగానే ఉంది. మర్నాడు పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్లి, వాళ్ల నాన్న నీళ్లు పోసి పెంచిన చెట్ల కింద రెండు చుట్లు తిరిగి వచ్చి, షాటు మళ్లీ పెట్టింది. సాయంత్రం మళ్లీ తీసింది. పూర్ణిమ తల పట్టుకుంది.

"అక్కా, నువ్వు ఏదో ఒకటి చెప్పు. నేను ఎడిటర్‌నా, నీ లైటు స్విచ్‌నా?"

మూడో రోజు, షాటు తీసేసినచోట అతికించడానికి కిన్నెర తీగ ధ్వని కావాల్సి వచ్చింది. వెనకాల మాటలేమీ లేని శుభ్రమైన ముక్క కోసం పూర్ణిమ పాత ఫైళ్లన్నీ తిరగేస్తోంది. "టెస్ట్" అని పేరు పెట్టిన ఆడియో ఫైళ్లు ఇరవై రెండు దొరికాయి. షూటింగ్ మొదలయ్యే ముందు మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రికార్డు చేసినవి. ఎవరూ ఎన్నడూ వినలేదు. ప్రతిసారీ పోచయ్య కథ ఎత్తుకునే ముందు పది నిమిషాలు తల వంచుకుని, తీగలు మెల్లగా మీటుతూ ఏదో గొణిగేవాడు. శ్రుతి చేసుకుంటున్నాడని వీళ్లు అనుకున్నారు. ఆ పది నిమిషాలూ స్వరూప కెమెరా ఆపేసి బ్యాటరీ మార్చుకునేది, పూర్ణిమ మైకు సర్దేది, ఇంకెవరైనా ఉంటే చాయ్‌కి వెళ్లొచ్చేవారు.

పూర్ణిమ ఒక ఫైలు పెట్టింది. పోచయ్య గొంతు, చాలా మెత్తగా:

"కొండ కింది వెదురమ్మా, నీ నడుము ఇరిసి తెచ్చుకుంటి. పాదు మీది సొరబుర్రా, నీ కడుపు ఖాళీ చేస్తి. తుట్టెలోని ఈగమ్మా, నీ మైనం దోచుకుంటి. పుట్ట కాడి అలుగమ్మా, నీ ఒంటి పెంకు ఒలుచుకుంటి. మా తాత చేసిన తప్పు నా తల మీద పెట్టుకున్న. కిన్నెర పలికినన్ని దినాలు నీ పేరు పలుకుత. నా చేతుల మీద ఇంకొక అలుగు చావదు, ఒట్టు."

రెండో ఫైలు పెట్టింది. అదే మొక్కు. ఐదోది, పదకొండోది, ఇరవై రెండోది. ఇరవై రెండు ఊళ్లు, ఇరవై రెండుసార్లు ఆ జంతువు పేరు అందరి ముందూ చెప్పి క్షమించమని అడిగాడు. చెరువుల మీద, పిట్టల మీద సినిమాలు తీసే మనిషి మాత్రం ఆ పది నిమిషాలూ బ్యాటరీ మార్చుకుంటూ ఉంది.

స్వరూప హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, ఫోన్ తీసుకుని పోచయ్యకు చేసింది. సినిమా తయారైంది, చూడ్డానికి రావాలి పెద్దయ్యా అని. కిన్నెర కూడా తీసుకురమ్మని చెప్పలేదు. చెప్పకపోయినా ఆయన తేకుండా ఎక్కడికీ రాడు.

రెండు రోజులకు పోచయ్య తొలి బస్సు పట్టుకుని వచ్చాడు. పూర్ణిమ వెళ్లి బస్టాండ్ నుంచి తీసుకొచ్చింది. కమలాదేవి తన వాటాలో కూర్చోబెట్టి గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. కారం సరిపోయిందా అని ఆమె అడిగితే, మీ దిక్కు కారం మా దిక్కు చక్కెర లెక్కనే ఉన్నదని ఆయన అన్నాడు. ఆమె నొచ్చుకుని ఇంకో ముద్ద వేసింది. తర్వాత డాబా మీద కర్టెన్లు వేసి, చాప పరిచి సినిమా పెట్టారు. ఏడు సెకన్లు అందులో ఉంచే చూపించారు. పోచయ్య తన వేళ్లను తెర మీద చూసుకుని చిన్నగా నవ్వాడు. తన పాట తనే వింటూ రెండుచోట్ల తప్పు పోయిందని చెప్పాడు.

సినిమా అయ్యాక స్వరూప ఏదీ దాచకుండా చెప్పింది. ఆ పెంకుల సంగతి, చట్టం సంగతి, భానుప్రకాశ్ చెప్పిన మాట, ఈ షాటు బయటికి పోతే కిన్నెరను తీసుకుపోవచ్చన్న మాట. ఏడు సెకన్లు తీసేస్తే ఏ గొడవా ఉండదని కూడా చెప్పింది. ఆయన అర్థం చేసుకోకుండా తల ఊపేస్తాడేమోనని భయపడి రెండుసార్లు చెప్పింది.

పోచయ్య కిన్నెర బుర్ర మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అది ఇప్పుడు అడవిల ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దయ్యా. గని మూడేండ్లు వెతికితే నాకు తోక ఒక్కటే కండ్లబడ్డది."

"మా తాత కాలంల దండిగ ఉండేదంట. పుట్టకొకటి." కిన్నెరను ఒళ్లోకి తీసుకున్నాడు. "ఒక్కటి అడుగుతా. నేను మొక్కేటప్పుడు నువ్వు కెమెరా మీది ఎర్రలైటు ఆర్పేస్తుంటివి. దేవుని పని తియ్యగూడదని గట్ల చేస్తున్నవేమో అనుకున్న. భక్తి గల్ల బిడ్డ అని మా ఇంటిదానికి గూడ చెప్పిన."

స్వరూపకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"భక్తి గాదు పెద్దయ్యా. బ్యాటరీ."

పోచయ్య నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పూర్ణిమ నీళ్లు తెచ్చిచ్చింది. నవ్వు ఆగాక ఆయన గొంతు మారింది.

"యాభై ఏండ్ల సంది ఊరూరుకు పొయ్యి దాని పేరు చెప్పుకుంటున్న. ఇప్పుడు నువ్వు ఆ బొమ్మ తీసేస్తే, మొక్కినదంత అబద్ధం అయితది గదా. ఉంచు. గని దొంగ లెక్క పట్టుబడుడు నాకు వద్దు. సినిమా ఆడకముందే మనమే పోదాం. వాళ్లకు మనమే చెప్దాం."

కమలాదేవి వద్దని ఎంత చెప్పాలో అంతా చెప్పింది. స్వరూప కూడా చెప్పింది, ఇంటికి పోయి మీవాళ్లతో మాట్లాడి పది రోజులు ఆలోచించుకో పెద్దయ్యా అని బతిమాలింది. ఆయన వెళ్లాడు, మాట్లాడాడు, సరిగ్గా ఆరో రోజున కిన్నెరను కొత్త తువ్వాల్లో చుట్టుకుని తిరిగి వచ్చాడు.

భానుప్రకాశ్ ఒక కాగితం తయారుచేసి వెంట వచ్చాడు. నలుగురూ అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి అధికారి విజయశ్రీకి ఇట్లాంటి కేసు ఎన్నడూ రాలేదట. పట్టుబడితే వచ్చేవాళ్లున్నారు కానీ, తమంతట తామే నడిచి వచ్చి ఇదిగో అన్నవాళ్లు లేరు. కాగితం రెండుసార్లు చదివింది, కిన్నెరను ముట్టుకోకుండానే నలువైపులా చూసింది. చివరికి, రూలు ప్రకారం దీన్ని తీసుకుని రశీదు ఇవ్వాలి, పెంకులను పరీక్షకు పంపాలి, తిరిగి ఇవ్వొచ్చో లేదో పైవాళ్లు తేల్చాలి, నెలలు పట్టొచ్చు అని చెప్పింది. ఆయన తానుగా వచ్చి చెప్పాడని మాత్రం తన చేత్తోనే రాస్తానంది.

పోచయ్య ఒక్కటే అడిగాడు, ఇచ్చే ముందు ఒకసారి వాయించుకోవచ్చా అని. ఆమె సరేనంది.

ఆఫీసు వరండాలో చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. క్లర్కులు ఫైళ్లు పట్టుకునే బయటికి వచ్చి నిలబడ్డారు. స్వరూప సంచిలో కెమెరా ఉంది. పూర్ణిమ మోచేత్తో పొడుస్తోంది. స్వరూప చెయ్యి సంచి మీదికి పోయి ఆగిపోయింది. ఇరవై రెండుసార్లు వదిలేసినది ఇప్పుడు, ఆయన తన కిన్నెరను వదులుకుంటున్న పూట తీయడం ఆమెకు సిగ్గుగా అనిపించింది.

పోచయ్య తలెత్తి చూశాడు.

"ఏంది బిడ్డా, గీసారి గూడ లైటు బందేనా? తియ్యి. ఇగ దీని మీద మళ్ల మొక్కుతనో లేదో."

ఆమె తీసింది. పదకొండు నిమిషాలు. వెదురు, సొరబుర్ర, తేనెటీగ, అలుగు. కదలకుండా నిలబడింది కానీ, ఫ్రేము మాత్రం చివర్లో కొంచెం వణికింది. ఆ వణుకు సినిమాలో అట్లాగే ఉంది, తీసేయలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, చెప్పుకోవడానికి సంతోషపడే సంగతులే ఎక్కువ. పోచయ్య ఊరికెళ్లి, తన పాదున కాసి, ఎండబెట్టి ఉంచుకున్న సొరకాయల్నే తీసి, కొత్త కిన్నెర కట్టాడు. మెట్లకు బర్రె కొమ్ము అరగదీసి పెట్టాడు. పండుగ రోజు క్యాంపస్ ఆడిటోరియంలో కుర్చీలు చాలక పిల్లలు మెట్ల మీద, నడవలో, తలుపుల దగ్గర కూర్చున్నారు. ఏడు సెకన్ల షాటు ఉంది. దాని మీద ఆ మొక్కు ఉంది. తెర మీద అలుగు పేరు వినపడినప్పుడు హాల్లో ఒక్క ఫోన్ కూడా వెలగలేదు. సినిమా అయ్యాక పోచయ్య వేదిక మీదికి వచ్చి కొత్త కిన్నెర మీద కథ ఎత్తుకున్నాడు. ముందుగా మొక్కాడు, అందులో అలుగును విడువలేదు, బర్రెను కొత్తగా చేర్చాడు. ఎట్లుంది తాతా కొత్తది అని ఒక పిల్ల అడిగితే, "కొత్త ఎద్దు లెక్కనే ఉన్నదమ్మా. ఇంకా దున్నే సాలు ఎరుక లేదు. నేర్పుత" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఐదుగురు విద్యార్థులు కిన్నెర కట్టడం నేర్చుకోవడానికి ఆయన ఊరికి వెళ్లొస్తున్నారు.

పాత కిన్నెర ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది. ఆయన దగ్గరే ఉంచితే మంచిదని విజయశ్రీ పైకి రాసింది. ఫైలు కదులుతోంది, ఎటు కదులుతోందో ఎవరికీ తెలియదు. ఎండాకాలం మైనం కరుగుతుంది, చల్లటి చోట పెట్టండని పోచయ్య చెప్తే, ఆఫీసు వాళ్లు బీరువాను కిటికీ దగ్గర్నుంచి లోపలి గదికి జరిపారట. నెలకొకసారి ఆయన వెళ్లి చూసి వస్తాడు. వెళ్లిన ప్రతిసారీ తార్నాకలో దిగి, కమలాదేవి చేతి అన్నం తిని, కారం చాల్లేదని చెప్పి పోతాడు.

కమలాదేవి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ పూట నా మాట విని ఉంటే ముసలాయన వస్తువు ముసలాయన ఒళ్లోనే ఉండేది కదా అంటుంది. ఆయన వెళ్లిపోయాక ఆమె ఆ మాట అన్న ప్రతిసారీ స్వరూప ఎదురు చెప్పదు, గిన్నెలు కడుగుతూ ఊరుకుంటుంది. ఎందుకంటే బీరువా ముందు నిలబడి వచ్చిన రోజు పోచయ్య తక్కువ మాట్లాడతాడని ఆమెకు తెలుసు.

అందుకే మిమ్మల్ని ఆమెను కలవమంటున్నాను. కలిస్తే చాయ్ ఇస్తుంది, సినిమా చూపిస్తుంది, ఆ ఏడు సెకన్ల దగ్గర మీ మొహం వైపు చూస్తుంది. ఆ ఆదివారం పొద్దున గదిలో ఉన్నది ముగ్గురే. నాలుగో మనిషికి తెలియదు. మానిటర్ మీద షాటు ఉంది, మౌస్ మీ చేతిలో ఉంది. మీరైతే ఏం చేసేవారు?